1953: కర్నూలు రాజధాని అయిన ఏడాది – మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చెప్పేవాళ్ళు?

తుంగభద్ర_తీరం – కర్నూలు
అక్టోబరు 1, రాత్రి 8:40

ఈ రోజు అక్టోబరు 1. పొద్దున బి క్యాంపులో నడకకు పోయి వస్తూ నలుగురిని అడిగాను, ఈ రోజు ప్రత్యేకత ఏమిటో తెలుసా అని. ఒకాయన "పింఛన్లు ఇచ్చే రోజు సార్" అన్నాడు. ఇంకొకాయన రేపు గాంధీ జయంతి అని గుర్తు చేశాడు. 1953లో ఇదే రోజున, ఇదే ఊళ్ళో ఆంధ్ర రాష్ట్రం పుట్టిందని, నెహ్రూ గారు స్వయంగా వచ్చి ప్రారంభించారని ఒక్కరి నోటా రాలేదు. మనసుకు కష్టంగా అనిపించింది. మేము నిలబడి మాట్లాడుకున్న చోటికి క్యాంపు అనే పేరు వచ్చిందే ఆ రాజధాని వల్ల. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఆటోవాళ్ళతో రోజూ అంటుంటాం. అవి అప్పట్లో మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగుల కోసం వెలిసిన కాలనీలు.

అలా వచ్చినవాళ్ళలో మా నాన్న ఒకరు. మద్రాసు సచివాలయంలో గుమాస్తా, అప్పటికి ఇరవై మూడేళ్ళు. గుంతకల్లులో బండి మారి, చిన్న రైలెక్కి, డోన్ మీదుగా కర్నూలులో దిగారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. గుడారం ఇచ్చారు, ఒక్కో దాంట్లో నలుగురు. ట్రంకు పెట్టె కింద ఇటుకలు పేర్చి, దాని మీద దుప్పటి పరిచి అదే రాతబల్ల చేసుకున్నారట. గాలి లేస్తే కాగితాల మీద మోచేతులు ఆనించి కూర్చోవడమే. వాన పడితే మన రేగడి మట్టి సంగతి మీకు తెలుసు, చెప్పు వేసిన చోట చెప్పు ఉండిపోతుంది.

పోయే ముందు ఏడాది నాన్న నాకు ఒక మేకు ఇచ్చారు. ఆ గుడారం తాడు కట్టిన ఇనుప మేకు. జానెడు పొడవు, ఒక పక్క కొక్కెంలా వంపు. సుత్తి దెబ్బలకు దాని తల పువ్వులా విచ్చుకుంది. రాత్రుళ్ళు గాలి వచ్చినప్పుడల్లా లాంతరు పట్టుకుని బయటికి వచ్చి దాన్ని మళ్ళీ దిగగొట్టేవారట. ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు కొబ్బరినూనె రాస్తుంటాను.

ఆ ఏడాదిని కళ్ళారా చూసి గుర్తు పెట్టుకున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. మీ ఇళ్ళలో ఉంటే అడిగి ఇక్కడ రాయండి. 1953లో ఏ నెల సంగతైనా సరే, ఏ ఊరి సంగతైనా సరే.


గ్రూప్2_చదువరి – నంద్యాల
అక్టోబరు 1, రాత్రి 9:05

నమస్తే సార్. నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మా పుస్తకంలో ఇదంతా రెండు వాక్యాల్లో అయిపోయింది. "పొట్టి శ్రీరాములు ఆత్మార్పణం. 1953 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం." మీరు రాసింది చదివాక తెలిసింది, ఆ రెండు వాక్యాల్లో మనుషులు ఉన్నారని. ఒక డౌటు. అప్పటికే విజయవాడ, గుంటూరు పెద్ద ఊళ్ళు కదా, కర్నూలునే ఎందుకు ఎంచుకున్నారు?


పెన్నేటి_గట్టు – కడప
అక్టోబరు 1, రాత్రి 9:50

తమ్ముడూ, ముందు ఒక సవరణ. 1953లో ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబరు 1న, తెలంగాణ కలిశాక. మీ పుస్తకం రెండూ కలిపేసినట్టుంది, పరీక్షలో మాత్రం కలపొద్దు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలింది 1952 డిసెంబరు 15న. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. అందుకే 1953 మొదలయ్యేసరికి రాష్ట్రం వస్తుందని అందరికీ తెలుసు. ఎక్కడిదాకా, రాజధాని ఏది, మద్రాసు సంగతేమిటి అన్నవే తేలలేదు. ఆ ఏడాదంతా ఆ టెన్షన్‌తోనే గడిచింది.

ఇక కర్నూలు ఎందుకంటే, 1937 దాకా వెనక్కి పోవాలి. ఆ ఏడాది నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో కోస్తా నాయకులు, మన నాయకులు కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. మన కడప కోటిరెడ్డి గారు, అనంతపురం నుంచి కల్లూరు సుబ్బారావు గారు, పప్పూరు రామాచార్యులు గారు అందులో ఉన్నారు. విశ్వవిద్యాలయం వాల్తేరులోనే ఉండొచ్చు, రాజధాని, హైకోర్టు ఈ రెండింటిలో ఒకటి కోస్తాకు, ఒకటి రాయలసీమకు, ఏది కావాలో కోరుకునే హక్కు మాత్రం సీమది అని రాసుకున్నారు. మనవాళ్ళు రాజధాని కోరుకున్నారు. అందుకే హైకోర్టు 1954 జులైలో గుంటూరులో మొదలైంది.

అయితే నన్నడిగితే ఆ కాగితంలో రాజధాని కంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ విషయంలో పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమ అవసరాలకు ముందు పీట వేయాలని. మా జేజినాయన దాన్ని వేలు మీద లెక్క పెట్టుకుంటూ చెప్పేవాడు. మొదటి వేలు నీళ్ళు, రెండో వేలు శాసనసభ సీట్లు, మూడో వేలు రాజధాని. రాజధాని ఎప్పుడూ మూడో వేలే.


కృష్ణా_కాలువ – పుట్టింది తెనాలి, ఉద్యోగం కర్నూలు
అక్టోబరు 1, రాత్రి 10:30

నాది కోస్తా. కర్నూలు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, పిల్లలు ఇక్కడే పుట్టారు. కాబట్టి రెండు వైపులా మనసుంది. మా వైపు 1953 అంటే ముందు గుర్తొచ్చేది మద్రాసు పోయిందన్న బాధ. "మద్రాసు మనదే" అని గొంతు చించుకున్న తరం అది. మా తాతయ్యకు అచ్చాఫీసు మద్రాసులో, చదువు మద్రాసులో, కోర్టు పని పడితే మద్రాసులో. రాష్ట్రం ఏర్పాటు సంగతులు పరిశీలించమని కేంద్రం నియమించిన జస్టిస్ వాంఛూ, ఫిబ్రవరిలో తన నివేదికలో, తాత్కాలికంగానైనా ఆంధ్ర రాజధాని మద్రాసులో ఉండొచ్చని రాస్తే ఆశ పుట్టిందట. అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గారు ససేమిరా అన్నారు. మార్చి 25న నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేసేసరికి అది తేలిపోయింది, రాజధాని ఆంధ్ర రాష్ట్రం లోపలే ఉండాలని.

ఆ తర్వాత విజయవాడ–గుంటూరు ఎందుకు కాకూడదని మావాళ్ళు గట్టిగానే అడిగారు. కమ్యూనిస్టులు ఆ పక్షానే నిలిచారు. రైలు జంక్షను ఉంది, ఇళ్ళున్నాయి, రాష్ట్రానికి నట్టనడుమ. వాదనగా చూస్తే తప్పు లేదు. కానీ మాట ఇచ్చింది వేరే. ప్రకాశం గారు కోస్తా మనిషై ఉండి కూడా కర్నూలు వైపు నిలబడ్డారంటే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. శ్రీకాకుళం నుంచి ఎమ్మెల్యే కర్నూలు రావాలంటే రెండు రోజుల ప్రయాణం. ఆ తిట్లన్నీ ఆయనే పడ్డారు, ఎనభై ఒకటో ఏట.


ఆదోని_పత్తి – ఆదోని
అక్టోబరు 2, ఉదయం 6:55

రాత్రి చదివి నిద్ర పట్టలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మీరంతా వచ్చినదాని గురించి రాశారు. మా ఇంట్లో 1953 అంటే పోయినదాని గురించి.

మా ఆదోని అప్పటిదాకా బళ్ళారి జిల్లా. కోర్టు బళ్ళారి, కలెక్టరు బళ్ళారి, పెద్దాసుపత్రి బళ్ళారి. మా అవ్వ పుట్టిల్లు బళ్ళారి పక్కన ఒక పల్లె. ఆమె తెలుగు మాట్లాడుతూ మధ్యలో కన్నడంలోకి జారిపోయేది, మళ్ళీ ఎప్పుడు తెలుగులోకి వచ్చేదో మాకు తెలిసేది కాదు. లెక్కలు కన్నడంలో, తిట్లు తెలుగులో, దేవుడి పాటలు రెండింట్లో.

జిల్లాలో పది తాలూకాలు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. ఆరు తాలూకాలు మైసూరుకు పోయాయి. బళ్ళారి తాలూకా ఒక్కటి ఎటూ తేలక, హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ మిశ్రాకు అప్పగించారు. ఆయన వచ్చి విచారణ చేశారు. బళ్ళారి వీధుల్లో ఒక పక్క తెలుగువాళ్ళ సభలు, ఇంకో పక్క కన్నడవాళ్ళ సభలు. చివరికి ఆయన మైసూరుకే సిఫారసు చేశారు. అక్టోబరు 1న మీ కర్నూలులో జెండాలు కట్టిన రోజే బళ్ళారి మైసూరులో కలిసింది.

అవ్వకు అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. ఆ రోజు పొద్దున ఏం జరిగిందవ్వా అని చిన్నప్పుడు అడిగితే, "ఏమీ జరగలేదు. మీ తాత రోజూ మాదిరే పత్తి మార్కెట్‌కు పోయినాడు. నేను రొట్టెలు చేసినా. మా అమ్మ వేరే రాష్ట్రంలో ఉందని సాయంత్రం ఎవరో చెప్పినారు" అనింది. నాకు ఆ మాట ఎప్పటికీ మరుపు రాదు.

గీత గీసినవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. రెండు భాషలు ఒకే ఇంట్లో ఉన్న చోట ఎవరు గీసినా ఎవరో ఒకరి వాకిట్లో నుంచే పోతుంది. కానీ రాష్ట్ర అవతరణ గురించి ఎవరు రాసినా బళ్ళారి పేరు ఒక్క ముక్కలో దాటేస్తారు. అందుకే ఇంత రాశాను.


తుంగభద్ర_తీరం – కర్నూలు
అక్టోబరు 2, ఉదయం 7:30

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమెది ఆలూరు. ఇద్దరమూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. మీ అవ్వ మాట నా నోటుపుస్తకంలో రాసుకుంటాను, అనుమతి ఇవ్వండి.


అనంత_శనక్కాయ – అనంతపురం
అక్టోబరు 2, ఉదయం 11:15

అన్నలందరికీ దండాలు. మాది సేద్యం. చరిత్ర పెద్దగా చదవలేదు కానీ మా నాయన చెప్పింది రాస్తా.

1953కు ముందు రెండు మూడేళ్ళు సీమలో కరువు. మామూలు కరువు కాదు. 1952లో సర్కారు ఊరూరా గంజి కేంద్రాలు తెరిచింది. బావులు లోతు చెయ్యడానికి మిలిటరీ వాళ్ళను పంపినారు. మా నాయనకు అప్పుడు ఎనిమిదేళ్ళు. పొద్దున్నే సత్తు గిన్నె చేతికిచ్చి వాళ్ళమ్మ వరసలో నిలబెట్టేది. గంజి పోసేటాయన గరిటెను అడుగుదాకా ముంచితే మెతుకులు వస్తాయి, పైపైన తీస్తే నీళ్ళు వస్తాయి. అందుకని పిల్లలంతా ఆయన మొగం చూసేవాళ్ళు కాదంట, గరిటెనే చూసేవాళ్ళంట. నాయనకు ఎనభై వచ్చినా అన్నం వడ్డించేటప్పుడు గరిటె వంకే చూస్తాడు. మా కోడలు మొదట్లో తప్పుగా అనుకునింది. చెప్పినాక కండ్లనీళ్ళు పెట్టుకునింది.

అట్లాంటి ఊళ్ళకు రాష్ట్రం వచ్చిందంటే, రాజధాని వచ్చిందంటే ఎవరికి పట్టింది? మావాళ్ళకు ఆ ఏడు పెద్ద వార్త తుంగభద్ర. హొస్పేట దగ్గర 1945లో మొదలుపెట్టిన డ్యాములో 1953లోనే నీళ్ళు నిలబెట్టినారు. డ్యాము మైసూరు పక్కకు పోయినా నీళ్ళలో మన వాటా పోకుండా ఆంధ్ర రాష్ట్ర చట్టంలోనే 66వ సెక్షన్ పెట్టినారు. ఇప్పటి తుంగభద్ర బోర్డుకు మూలం అదే. దిగువ కాలువ కర్నూలు జిల్లాకు. మా అనంతపురానికి ఎగువ కాలువ, అది రావడానికి ఇంకా ఏండ్లు పట్టింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఊళ్ళో ఎవరికీ నిద్ర లేదు. ముసలాయన మంచంలో కూర్చుని "నిలబెట్టిన ఏడు నాకు తెలుసు రా, పోనీకుండా చూడండి" అంటా ఉండాడు.

కడప అన్న మొదటి వేలు నీళ్ళు అన్నాడు చూడు, అదీ మాట.


గ్రూప్2_చదువరి – నంద్యాల
అక్టోబరు 2, మధ్యాహ్నం 1:20

ఇంకో ప్రశ్న అడుగుతాను, కోప్పడకండి. నీలం సంజీవరెడ్డి గారు 1952 ఎన్నికల్లో ఓడిపోయారని ఒక చోట చదివాను. 1953లో ఉప ముఖ్యమంత్రి అని ఇంకో చోట ఉంది. రెండూ నిజమేనా?


అనంత_శనక్కాయ – అనంతపురం
అక్టోబరు 2, మధ్యాహ్నం 2:00

రెండూ నిజమే నాయనా. 1952లో అనంతపురంలో ఆయన్ను ఓడించింది తరిమెల నాగిరెడ్డి గారు, కమ్యూనిస్టు. నాగిరెడ్డి గారి చెల్లెల్ని చేసుకునింది సంజీవరెడ్డి గారే. అంటే బావాబామ్మర్దులు. ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు నిలబడినారు, ఇంటి వావి ఇంటి వావే. ఆ తర్వాత సంజీవరెడ్డి గారు రాజ్యసభకు పోయి, 1953లో ప్రకాశం గారి దగ్గర ఉప ముఖ్యమంత్రి అయినారు. ఇల్లూరు పల్లెలో పుట్టిన మనిషి చివరికి రాష్ట్రపతి అయినాడు.


తుంగభద్ర_తీరం – కర్నూలు
అక్టోబరు 2, మధ్యాహ్నం 2:25

మంత్రివర్గం మాట వచ్చింది కాబట్టి మా జిల్లా మనిషి గురించి కూడా చెప్పాలి. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు. అంతకు ముందు రాజాజీ మంత్రివర్గంలో ఉన్నారు, 1953లో ప్రకాశం గారి మంత్రివర్గంలోకి వచ్చారు. దళిత కుటుంబంలో పుట్టి, తండ్రి లేకుండా పెరిగి, వజీఫాలతో చదువుకున్న మనిషి, తన జిల్లా కేంద్రమే రాజధాని అయితే అందులో మంత్రిగా నడిచాడు. ఏడేళ్ళకు ముఖ్యమంత్రి కూడా అయ్యారు. మా నాన్న ఆయన ఫైలు ఒకసారి తీసుకుపోయారట. "కూర్చో నాయనా, ఎండలో వచ్చావు" అని ముందు మంచినీళ్ళు ఇప్పించారని జీవితమంతా చెప్పుకున్నారు.


మాగాణి_మనవరాలు – ప్రొద్దుటూరు
అక్టోబరు 2, సాయంత్రం 5:40

మా పెద్దనాన్నను అడిగాను. 1953 అనగానే ఆయన చెప్పింది వేరే. ఆ జూన్‌లో బడి తెరిచేసరికి సగం పూటే బడి అన్నారట. రాజాజీ ప్రభుత్వం పెట్టిన పద్ధతి. పల్లె బళ్ళలో పిల్లలకు రోజుకు మూడు గంటలే చదువు, మిగతా పూట ఇంటి దగ్గర తండ్రి పని నేర్చుకోవాలి. మేము సాలెవాళ్ళం. పెద్దనాన్నకు లెక్కలంటే ప్రాణం. పూట తిరిగేసరికి మగ్గం గుంటలో దిగి కూర్చోవాలి. ఆయన నూలు పోగులు లెక్కపెడుతూ ఎక్కాలు చెప్పుకునేవాడట, మరిచిపోతానేమోనని భయం. పదహారో ఎక్కం దాకా అట్లా నిలబెట్టుకున్నాడు.

ఈ సంగతి ఎక్కడా పెద్దగా రాయరు. రాజధాని వాదాల్లో పెద్దవాళ్ళు మునిగి ఉన్నప్పుడు పిల్లల చదువు సగానికి తెగింది. తమిళ దేశంలో దాని మీద పెద్ద ఉద్యమమే జరిగి, మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రిగా వచ్చాక తీసేశారు. ఆ పద్ధతి పెట్టినప్పుడు మనమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కదా, ఆ దెబ్బ మనకూ తగిలింది.


కృష్ణా_కాలువ – కర్నూలు
అక్టోబరు 2, రాత్రి 8:10

ప్రొద్దుటూరు అమ్మాయి రాసింది చదివి అనిపించింది, ఆ ఏడాది దేశం మొత్తం ఎలా ఉందో కూడా కొంచెం చూడాలని. మన రాష్ట్రం ఒంటరిగా పుట్టలేదు.

మే 29న టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కారు. వార్త నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా ఊరూరా పండగే. జూన్ 23న శ్యామాప్రసాద్ ముఖర్జీ శ్రీనగర్‌లో నిర్బంధంలో ఉండగా చనిపోయారు. ఆగస్టులో షేక్ అబ్దుల్లాను పదవి నుంచి తీసి అరెస్టు చేశారు. కశ్మీరు ముడి అక్కడ ఇంకా బిగుసుకుంది. అదే ఆగస్టులో విమానాలు ప్రభుత్వ పరమయ్యాయి. కొరియాలో యుద్ధం ఆగింది, ఖైదీల అప్పగింత చూడడానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన మనవాళ్ళు వెళ్ళారు. సెప్టెంబరులో విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితి సాధారణ సభకు అధ్యక్షురాలయ్యారు, ఆ కుర్చీలో మొదటి మహిళ. ఆంధ్ర రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి సంతకం పడింది అదే నెల 14న.

చివరికి డిసెంబరు 22న నెహ్రూ పార్లమెంటులో రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని ప్రకటించారు. అందులో సభ్యులు ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్. ఇది నా దృష్టిలో ఆ ఏడాది మొత్తానికీ పెద్ద విషయం. భాష మీద రాష్ట్రాలు వద్దని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి కమిటీ రాసింది, ఒక్క ఆంధ్రకు మాత్రం కొంచెం తలుపు తెరిచి. మనం ఆ తలుపులోంచి దూరాం. మన వెనకాల దేశమంతా వచ్చింది. ఈ రోజు కర్ణాటక, కేరళ, మహారాష్ట్ర, గుజరాత్ ఉన్నాయంటే కర్నూలులో ఆ గుడారాలు వేశాకే.


సీమ_గళం – కర్నూలు
అక్టోబరు 2, రాత్రి 9:00

అంతా బాగానే ఉంది కానీ మూడేళ్ళకే హైదరాబాదుకు తీసుకుపోయారు కదా. మిగిలింది ఏమిటి? పేర్లు తప్ప. ఇప్పుడు కూడా ఒకరు న్యాయ రాజధాని అన్నారు, ఇంకొకరు హైకోర్టు బెంచి అంటున్నారు. మా తరానికి ఈ వాగ్దానాలు వినీ వినీ విసుగు వచ్చింది. 1953ను తలుచుకుని పొంగిపోవడానికి నాకు కారణం కనపడదు.


వేదిక_నిర్వాహకుడు
అక్టోబరు 2, రాత్రి 9:12

మిత్రులారా, ఇప్పటి పార్టీల గొడవ ఇక్కడికి తేవద్దని మనవి. సీమ_గళం గారి ప్రశ్న న్యాయమైనదే, 1953 పరిధిలో ఉంటూ జవాబులు రాయండి. ఈ చర్చను నేను పైన నిలబెడుతున్నాను.


పెన్నేటి_గట్టు – కడప
అక్టోబరు 2, రాత్రి 10:05

సీమ_గళం తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. నేనూ నీ వయసులో ఇదే అన్నాను. ఒకటి మాత్రం చూడు. ఆ మూడేళ్ళలో కూడా రాజధాని కుదురుగా నడవలేదు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో అవిశ్వాసం పెడితే ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఎన్నికలు, కొత్త ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి గారు, అంతలోనే విశాలాంధ్ర. ఊరు రాజధానిగా ఎదగడానికి ఊపిరి తీసుకునే సమయమే దొరకలేదు.

నేను 1953ను తలుచుకుని పొంగిపోవడం లేదు. నిలదీయడానికి గుర్తు పెట్టుకుంటున్నాను. శ్రీబాగ్‌లో రాసుకున్న మాటను నోటి మాటగా వదిలేయకుండా, పదహారేళ్ళ తర్వాత అమలు చేయించుకున్నది ఆ ఏడాదే. రాజధాని విషయంలో మాట నిలబెట్టారు. నీళ్ళ విషయంలో నిలబెట్టారా అంటే, శ్రీశైలం జలాశయం నుంచి సీమకు కృష్ణ నీళ్ళు వదిలే పోతిరెడ్డిపాడు దగ్గర ప్రతి ఏడూ మనం ఎందుకు అరుస్తున్నామో చూడు. సగం నిలబెట్టిన మాట ఉందని తెలిస్తేనే మిగతా సగం అడగగలం. మరిచిపోయినవాడు ఏమని అడుగుతాడు?


సీమ_గళం – కర్నూలు
అక్టోబరు 2, రాత్రి 10:40

ఆ చివరి మాట ఒప్పుకుంటాను అన్నా. శ్రీబాగ్ ఒడంబడిక పూర్తి పాఠం నేను ఎప్పుడూ చదవలేదు, నిజం. ఈ వారం చదువుతాను. మీ జేజినాయన మూడు వేళ్ళ లెక్క మాత్రం నా మనసులో పడింది.


ఆదోని_పత్తి – ఆదోని
అక్టోబరు 3, ఉదయం 7:10

తుంగభద్ర_తీరం సార్, అవ్వ మాట రాసుకోండి, సంతోషం. ఇంకొక సంగతి. మా పక్కింటి పెద్దమ్మకు ఎనభై తొమ్మిది. ఆమె పుట్టిల్లు కర్నూలు పాతబస్తీ, కొండారెడ్డి బురుజు దగ్గర. నిన్న సాయంత్రం మీ ప్రశ్న ఆమెకు చదివి వినిపించాను. నెహ్రూ వచ్చిన రోజు తాను ఉన్నానని చెప్పింది!

వాళ్ళ నాయన భుజం పట్టుకుని జనంలో నడిచిందట. అంత జనాన్ని ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు అంది. నెహ్రూ కనపడలేదు, గొంతు మైకులో వినపడింది, హిందీనో ఇంగ్లీషో తెలియలేదు. ఆమెకు బాగా గుర్తున్నది నీళ్ళ కుండలు. దారి పొడుగునా ఇళ్ళవాళ్ళు అరుగుల మీద కుండలు పెట్టి, బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ముంతలతో నీళ్ళు పోశారట. వాళ్ళమ్మ మూడు సార్లు కుండ నింపింది. తుంగభద్ర నుంచి మోసుకొచ్చిన నీళ్ళు. మధ్యలో ఒక మద్రాసు ఆయన, కళ్ళజోడు పెట్టుకున్న కుర్రవాడు, నీళ్ళు తాగి ముంత తిరిగి ఇస్తూ "మీ ఊళ్ళో అద్దెకు గది దొరుకుతుందా అమ్మా" అని అడిగాడట. వాళ్ళమ్మ లేదు నాయనా అంది. తర్వాత చాలా రోజులు, అడిగితే లేదని పంపించేశానే అని బాధపడేదట.


తుంగభద్ర_తీరం – కర్నూలు
అక్టోబరు 3, ఉదయం 7:25

అమ్మా, మా నాన్నకు ఆ వయసులోనే కళ్ళజోడు. ఆయనే అని నేను అనడం లేదు, ఆ రోజుల్లో గది కోసం తిరిగిన గుమాస్తాలు ఎంతమందో. అయినా చదువుతుంటే చేతులు వణికాయి. పెద్దమ్మను ఇంకొక్కటి అడగగలరా? వాళ్ళ ఇల్లు బురుజుకు ఏ వైపు, హంద్రీ వైపా, కోట వైపా? ఆమె ఓపిక ఉన్నప్పుడే అడగండి.


ఆదోని_పత్తి – ఆదోని
అక్టోబరు 3, ఉదయం 7:31

ఇప్పుడు పడుకుని ఉంది సార్. పదింటికి లేచి కాఫీ తాగుతుంది. అప్పుడు అడిగి, ఆమె గొంతు కూడా రికార్డు చేసి పెడతాను.